రేపల్లె టీచరమ్మ అడిగిన తీపి

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో తెనాలి శివార్లలోని ఒక పాలియేటివ్ కేర్ కేంద్రంలో స్టాఫ్ నర్సుగా చేరాను. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, గుంటూరులో ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో కొంతకాలం పనిచేసి, బాపట్లలో మా ఇంటికి దగ్గరవుతుందని ఇక్కడికి వచ్చాను. కాన్పు దగ్గరపడ్డాక మానేశాను. మా అత్తగారు దీన్ని రిటైర్మెంట్ అంటారు. ముప్పై నిండకుండా రిటైరైన కోడలు ఈ వీధిలో ఇంకెవరికీ లేదని ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతుంటారు. పాపకి ఇప్పుడు రెండేళ్ళు. అది పడుకున్నాక, మళ్ళీ లేచేలోపు, ఆ ఉద్యోగంలో జరిగిన ఒక్క సంగతి రాసిపెడదామని కూర్చున్నాను. ఆ పని ఎలా ఉంటుందని అడిగే నర్సింగ్ పిల్లలకైనా పనికొస్తుంది.

మా కేంద్రాన్ని చుట్టుపక్కలవాళ్ళు ఆఖరాసుపత్రి అనేవారు. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి ఆ మాట చెబితే డ్రైవరు బేరం కూడా ఆడకుండా తీసుకొచ్చేవాడు. చిన్న మేడ, పన్నెండు మంచాలు. ఇక నయం కాదని పెద్దాసుపత్రులు చెప్పేసినవాళ్ళు అక్కడికి వస్తారు. వెంటిలేటర్లుండవు, ఆపరేషన్లుండవు. మేం చేయాల్సింది నొప్పి లేకుండా చూడటం, పడుకున్న ఒళ్ళు పుండు పడకుండా పక్కలు మార్చడం, నోరు శుభ్రంగా ఉంచడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. ఐసీయూలో అయితే ఏం జరుగుతోందో మిషన్లు చెప్పేవి. ఇక్కడ మనిషే చెప్పాలి. మాట పడిపోతే మొహం చెప్పాలి.

నర్సుల మీద ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఉండేవారు. ఆవిడ మీద డాక్టరుగారు. ఆయన గుంటూరు నుంచి ప్రతి గురువారం వచ్చి అందరినీ చూసేవారు, మిగతా రోజులు ఫోనులోనే. మార్ఫిన్ రెండు తాళాల బీరువాలో ఉండేది. ఒక తాళంచెవి ఇన్‌ఛార్జ్ దగ్గర, రెండోది డ్యూటీలో ఉన్న నర్సు దగ్గర. అది నొప్పి వచ్చాక ఇచ్చే మందు కాదు. నొప్పి లేవకముందే గడియారం చూసి, నాలుగు గంటలకొకసారి ఇవ్వాలి. నొప్పి పెరిగితే డోసు పెంచాలి. డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే మనిషి కుదుటపడి నిద్రపోతాడు, అంతే. కానీ ఆ పేరు వినగానే జనం భయపడతారు.

ఆ భయం మా దగ్గర ఒక నియమంగా మారింది. నేను చేరకముందు, డోసు పెంచిన మర్నాడే ఒక పెద్దాయన పోతే, బంధువులు గేటు ముందు కూర్చుని మందిచ్చి చంపేశారని అరిచారట. అప్పటినుంచి, డాక్టరుగారు ఫోనులో డోసు పెంచమన్నా, మంచం పక్కనున్న ఇంటివాళ్ళు సరేనంటేనే పెంచేవాళ్ళం. ఆయన స్వయంగా వచ్చి, చూసి, ఇంటివాళ్ళతో మాట్లాడి రాస్తే మాత్రం ఇక అడగక్కర్లేదు. అంటే గురువారం ఒక ధర్మం, మిగతా వారమంతా ఇంకో ధర్మం.

సుగుణమ్మగారిని ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక తీసుకొచ్చారు. రేపల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ టీచరమ్మే. రొమ్ము క్యాన్సర్ నడుం ఎముకలకీ, తొడ ఎముకలకీ పాకింది. దానికి తోడు ఎన్నో ఏళ్ళుగా షుగరు. కూతురు ఎస్తేరక్క తెనాలిలో హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. జబ్బు బయటపడ్డప్పటినుంచీ తల్లిని తన ఇంట్లోనే పెట్టుకుని చూసింది. తమ్ముడు జాన్‌బాబు బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగి. సెలవు దొరికినప్పుడల్లా రైల్లో వచ్చేవాడు.

ఎస్తేరక్క మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుందంటే స్నానానికి తప్ప లేచేది కాదు. ఆమెలాంటి కూతురు ఉన్నందుకు మిగతా మంచాలవాళ్ళు టీచరమ్మని చూసి అసూయపడేవారు. ఇది ముందే చెబుతున్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు. తల్లిని వదిలేసిన కూతురితో మాకు ఇంత కష్టం వచ్చేది కాదు.

నేను వారపు సెలవు ముగించుకుని డ్యూటీకి వచ్చేసరికి ఆ గదిలో పండగలా ఉంది. కిటికీ గట్టు మీద జిలేబి పొట్లం. ఎస్తేరక్క నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

“సిస్టర్, అమ్మ తీపి అడిగిందండి! నోరు తెరిచి అడిగింది. నిన్నంతా అదే మాట.”

జాన్‌బాబు పక్కనుంచి నవ్వాడు. “నా పెళ్ళిలో అమ్మ నోటిదాకా వెళ్ళిన లడ్డు అందరి ముందూ లాక్కున్నావు కదక్కా. ఇప్పుడు జిలేబి తెమ్మని నన్ను బజారంతా తిప్పుతున్నావు.”

“లాక్కున్నాను కాబట్టేరా,” అంది ఆమె. నవ్వుతూనే ఏడ్చింది. “ఇరవయ్యేళ్ళు నోరు కట్టేశాను. పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. మా అమ్మకి నేను చేసిన అన్యాయం అదొక్కటే సిస్టర్. దేవుడు దిద్దుకోమని అవకాశం ఇచ్చాడు.”

డాక్టరుగారిని ఫోనులో అడిగితే ఇంక షుగరు చూడక్కర్లేదని, నాలుక మీద రుచి చూపిస్తే తప్పులేదని అన్నారట. నిజమే. ఆ దశలో అదేమంత నష్టం కాదు. టీచరమ్మకి మింగడం కష్టంగా ఉంది కాబట్టి పాకాన్ని వేలితో తీసి పెదవులకి రాస్తున్నారు.

ఆ మధ్యాహ్నం పక్క మార్చడానికి వెళ్ళాను. పేషెంట్‌ని ఎడమ వైపు నుంచి కుడి వైపుకి తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి. తొడ కింద చెయ్యి వేసి లేపగానే ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. నాలుక ఎండి తిరగడం లేదు. అయినా మాట వినిపించింది.

“తీపు… తీపులమ్మా…”

తీపులు. మా వైపు పెద్దవాళ్ళు ఎముకల్లోంచి లాగే నొప్పిని తీపులంటారు. నాట్లు వేసి వచ్చిన రోజు మా నాయనమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని “కాళ్ళు తీపులే” అనేది. కూతురి చెవిన పడింది తీపి. తల్లి చెప్పింది తీపు. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరం గుణింతం. గుణింతాలు నేర్పించి రిటైరైన మనిషి నోటికే ఆ తేడా తెలిపే ఓపిక లేకపోయింది.

ఎస్తేరక్కకి నెమ్మదిగానే చెప్పాను. అక్కా, తీపి కాదేమో, తీపులంటున్నారు, కాళ్ళు లాగుతున్నాయేమో అని. ఆమె నా మొహంలోకి చూసింది.

“మా అమ్మకి నొప్పుంటే నొప్పి అంటుందండి. టీచరండీ మా అమ్మ. ఏ మాట ఎక్కడ వాడాలో ఆవిడకి మనం చెప్పాలా?”

డాక్టరుగారికి ఫోను చేశాను. విని, డోసు సగం పెంచమన్నారు, ఇంటివాళ్ళకి చెప్పి. చెప్పాను. ఎస్తేరక్క వద్దంది. పెంచితే మత్తులోకి పోతుందని, ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒకటి అడుగుతోందని, ఆ అడగడాన్ని మందు పోసి ఆపొద్దని అంది. నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మాట నమ్మారు. నమ్మి కూడా, “వాళ్ళు వద్దన్నాక మనం ఇస్తే, రేపు గేటు దగ్గర సమాధానం చెప్పేది నువ్వా నేనా?” అన్నారు. మర్నాడు ఎస్తేరక్కతో తనే మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా. నాకు వచ్చిన జవాబే ఆవిడకీ వచ్చింది. గురువారం ఇంకా దూరంగా ఉంది.

ఈలోపు కబురు పాకింది. టీచరమ్మ తీపి అడుగుతోందట అని రేపల్లె నుంచి చర్చి సంఘం ఆడవాళ్ళు పాలకోవా తెచ్చారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, ఒక్కొక్కరూ ఇంత చిదిపి నాలుక మీద పెట్టారు. కొల్లూరు నుంచి ఆవిడ చెల్లెలు కృష్ణ లంకలో కాసిన చక్కెరకేళి అరటిగెలలోంచి ఒక అత్తం తెచ్చి, పండు మెదిపి, చెంచాతో నోటి దగ్గర పెట్టింది.

“తినవే అక్కా. నువ్వు పోయేచోట షుగరు టెస్టు చేసేవాళ్ళెవరూ లేరు.”

గదిలో అందరూ నవ్వారు. టీచరమ్మ మొహం పక్కకి తిప్పుకున్నారు. “చూడు, సిగ్గు పడుతోంది,” అంది చెల్లెలు. “చిన్నప్పుడూ ఇంతే. అడిగి తెప్పించుకుంటది, తీరా పెడితే వద్దంటది.”

వాళ్ళు వెళ్ళాక నోరు శుభ్రం చేయడం నా పని. వంటసోడా కలిపిన నీళ్ళలో గాజ్ ముక్క ముంచి, వేలికి చుట్టి, బుగ్గల లోపల తుడవాలి. కోవా తెల్లగా పొరలా అతుక్కుని వచ్చేది. దాని కింద నాలుక చీలి ఎర్రగా ఉండేది. తుడిచినంతసేపూ ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఉండేవారు. మర్నాడు పొద్దున దిండు మీద చీమలు కనిపించాయి, నోటి మూల నుంచి చెవి దాకా బారు కట్టి. వాటిని దులిపి, దుప్పటి మార్చి, మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టాను. మా ఇళ్ళల్లో బెల్లం డబ్బా కింద పెడతారు అలా. ఒక మనిషి మంచానికి పెట్టడం నాకు అదే మొదలు.

ఆ రోజు జాన్‌బాబు కూడా ఉన్నాడు. ఇద్దరి ఎదుటా టీచరమ్మనే అడుగుదామనుకున్నాను. మాట పోతున్న పేషెంట్‌ని అడగడానికి ఒక పద్ధతుంది. అవును అయితే కళ్ళు గట్టిగా మూయమంటాం, కాదంటే తెరిచి ఉంచమంటాం. ముందుగా ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటి అడిగి, ఆవిడకి అర్థమవుతోందో లేదో చూసుకోవాలి.

“మామ్మగారూ, మీది రేపల్లేనా?”

కళ్ళు గట్టిగా మూశారు.

“తీపి కావాలాండి? జిలేబి పెట్టమంటారా?”

కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

నేను తొడ మీద చెయ్యి వేశాను. “ఇక్కడ తీపులాండి?”

కళ్ళు మూసుకున్నాయి. ఎంత గట్టిగా అంటే, మూలల్లోంచి నీళ్ళు జారాయి.

జాన్‌బాబు లేచి నిలబడ్డాడు. “అక్కా, ఒక్కసారి ఇచ్చి చూద్దామే.”

“కళ్ళు పొద్దుటినుంచీ మూస్తూనే ఉంది, తెరుస్తూనే ఉంది,” అంది ఎస్తేరక్క. “కాళ్ళు ఒత్తించుకోవడం అమ్మకి ముందునుంచీ ఇష్టం. నీకేం తెలుసు? నెలకోసారి రైలు దిగి పళ్ళు తెస్తావు.”

“నేను అమ్మకి కొడుకుని కాదా?”

“కొడుకువే. పెద్దాసుపత్రిలో అమ్మ పక్క తడిస్తే ఎవర్రా మార్చింది?”

అతను కూర్చున్నాడు. “సరే. నీ ఇష్టం. చూసుకుంది నువ్వే కదా,” అన్నాడు. తర్వాత బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాడు. ఆ ఉద్యోగంలో నేను చాలా కుటుంబాలలో ఇదే చూశాను. ఎవరు ఎక్కువ చాకిరీ చేశారో మంచం మీద హక్కు వాళ్ళది. మంచం మీద ఉన్న మనిషికి మాత్రం ఆ హక్కు ఉండదు.

నేను చేయగలిగినవి చేశాను. తొడల కింద మెత్తటి దిండ్లు మార్చాను, వేడినీళ్ళ గుడ్డ వేశాను, డ్యూటీ దిగేముందు కాసేపు కాళ్ళు పట్టేదాన్ని. ఎముకలో పుండు ఉన్నప్పుడు వేడినీళ్ళ గుడ్డ ఏం చేస్తుందో నాకు తెలుసు. వేళకిచ్చే మందు ప్రభావం తీరిపోయేసరికి “తీపు… తీపు…” మళ్ళీ మొదలయ్యేది. వెంటనే ఎస్తేరక్క, “ఆఁ, వస్తున్నానమ్మా,” అంటూ పొట్లం విప్పేది. ఆ కూతురు తల్లి పిలుపుకి ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు.

గురువారం డాక్టరుగారు వచ్చారు. టీచరమ్మ తొడని రెండు వేళ్ళతో నొక్కారు. గదిలో ఉన్న అందరికీ వినపడేలా ఆవిడ మూలిగారు. ఆయన ఎస్తేరక్కని వరండాలోకి తీసుకెళ్ళి, ఎముకలోకి జబ్బు పాకితే నొప్పి ఎలా ఉంటుందో సగం ఇంగ్లీషులో చెప్పారు. నేను తెలుగులో చెప్పిన సంగతే అది. ఆమె తల ఊపింది. సంతకం పెట్టమంటే పెట్టింది. నాతో మాట్లాడలేదు.

డోసు పెంచాం. రెండో వేళ మందు పడేసరికి టీచరమ్మ కనుబొమల ముడి విడిపోయింది. నేను ఆవిడ మొహాన్ని అలా చూడటం అదే మొదటిసారి. చూస్తే ఇంత అందమైన మనిషా అనిపించింది. పక్క మారుస్తుంటే ఒళ్ళు బిగపట్టలేదు. ఎస్తేరక్క “అమ్మా, తీపి కావాలా?” అని చెవి దగ్గర అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఇక ఆ మాట ఆవిడ నోట రానేలేదు. శనివారం పొద్దున, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగి పెరిగి, ఊపిరి ఆగిపోయింది. పిల్లలిద్దరూ చెరో పక్క ఉన్నారు. మా లెక్కలో అది మంచి చావు. దానికి ముందున్న రోజులు కాదు.

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఎస్తేరక్క నా దగ్గరికి వచ్చి, మెల్లగా, “మీరు డోసు పెంచాక అమ్మ మళ్ళీ ఏమీ అడగలేదు,” అంది. నేరం మోపినట్టే అంది.

భూస్థాపన తర్వాత రేపల్లెలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి ఇంటివాళ్ళని ఓదార్చడానికి సంఘమంతా కలిసి ప్రార్థన చేసి భోజనం చేసే సభ అది. జాన్‌బాబు ఫోను చేసి పిలిచాడు. ఇన్‌ఛార్జ్ సిస్టరూ నేనూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళాం. షామియానా కింద ఎస్తేరక్క మైకు పట్టుకుని తల్లి గురించి మాట్లాడింది. ఇరవయ్యేళ్ళు తీపి ముట్టనివ్వని కూతుర్ని ఆఖరి రోజుల్లో తల్లి తీపి అడిగి క్షమించిందని చెప్పింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు ఆ తీపినే పట్టుకుని వాక్యం చెప్పారు. అందరికీ జిలేబి పంచారు. నా చేతిలోనూ పెట్టారు.

భోజనాల దగ్గర ఎస్తేరక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి అడిగింది.

“సిస్టర్, మందు పెంచాక అమ్మ తీపి అడగలేదు కదా. ఎందుకంటారు? మత్తేనా?”

మత్తే అక్కా అంటే అయిపోయేది. ఆమె అడిగింది ఆ మాట కోసమే కావచ్చు. కానీ ఆమె లెక్కల టీచరు. జవాబు తెలియకుండా ఆ ప్రశ్న అడగదు.

“తగ్గింది కాబట్టి అక్కా,” అన్నాను.

ఆమె నా విస్తరివైపు చూసింది. “భోజనం చేసి వెళ్ళండి,” అని చెప్పి, వడ్డించేవాళ్ళని కేకేసి, వెళ్ళిపోయింది. తర్వాత నాకెప్పుడూ కనపడలేదు. రేపల్లెలో ఎవరైనా మా కేంద్రం పేరెత్తితే అక్కడికి వద్దని చెబుతోందని మాత్రం విన్నాను.

తిరుగు రైల్లో ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను కోప్పడ్డారు. నిజం చెప్పాల్సింది మంచం దగ్గర, విస్తరి దగ్గర కాదన్నారు. మంచం దగ్గర చెప్పాను కదండి, మీకూ చెప్పాను కదండి అన్నాను. ఇంటివాళ్ళు సరేనంటేనే డోసు పెంచే ఆ నియమం నేను ఉద్యోగం మానేసేదాకా అలాగే ఉంది.

నియమం మార్చే స్థాయి నాది కాదు. అందుకని నా వరకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్త పేషెంట్ వచ్చిన రోజే, ఇంకా మాట స్పష్టంగా ఉన్నప్పుడే, ఇంటివాళ్ళందరినీ మంచం చుట్టూ నిలబెట్టి పేషెంట్‌నే అడిగేదాన్ని, “నొప్పొస్తే మీరు ఏమంటారండి?” అని. ఒకరు పోటు అంటారు, ఒకరు సలుపు అంటారు, ఒకరు పీకుడంటారు. సూర్యలంక నుంచి వచ్చిన, చేపల వేటకెళ్ళే ఒక పెద్దాయన నొప్పి అనే మాట నోట రానిచ్చేవాడు కాదు. “అలిసిపోయా” అనేవాడు, అంతే. ఆయన అలిసిపోయానంటే మందు వేళ చూసుకోవాలి. ఆ మాటని ఇంటివాళ్ళ చేత కూడా పైకి అనిపించేదాన్ని. బడిపిల్లల్లాగా వల్లె వేయిస్తోందని కొందరు నవ్వేవారు.

ఇప్పుడు మా పాప ఏ నొప్పినైనా చీమ అంటుంది. చెవిలో చీమ, కడుపులో చీమ. దాన్ని వదిలి ఎక్కడికి వెళ్ళాల్సి వచ్చినా అత్తగారికి ఆ సంగతి మళ్ళీ చెప్పే వెళ్తాను. ఎన్నిసార్లు చెబుతావమ్మా, నేను పిల్లల్ని పెంచలేదా అని ఆవిడ విసుక్కుంటారు. విసుక్కోనీ.

కేంద్రంలో నేను పెట్టుకున్న ఆ పద్ధతి వల్ల ఇంటివాళ్ళంతా విన్నారని చెప్పను. మాట ఏమిటో తెలిసి, తమ నోటితో పలికి కూడా, డోసు వద్దన్నవాళ్ళు తర్వాతా ఉన్నారు. కాకపోతే తీపి అనుకున్నామని చెప్పుకునే వీలు మాత్రం వాళ్ళకి లేకుండా పోయింది.